పళ్ళొస్తున్న పసిబిడ్డ: చిగురు మీద ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు

పళ్ళొచ్చే బిడ్డ ఉన్న ఇంట్లో సలహాలకి కొదవుండదు. అమలాపురమైనా, రాజోలైనా, కొత్తపేటైనా అంతే. దాదీ సుహాగా-షహద్ కటోరీ తీస్తుంది. పక్కింటి మామ్మగారు వసకొమ్ము అరగదీసి నాకించమంటారు. మందుల షాపులో చిగురు మీద రాసే జెల్ ట్యూబు చేతిలో పెడతారు. కువైట్‌కో మస్కట్‌కో పనికెళ్ళిన తల్లి వీడియో కాల్‌లో బిడ్డ ఏడుపు చూసి తానూ ఏడుస్తుంది. రాత్రి పదకొండింటికి ఏదో ఒకటి తేల్చుకోవాల్సింది మాత్రం ఇంట్లో ఉన్న ఆ పెద్దావిడే.

ఆ రాత్రికి పనికొచ్చే సంగతులు ఇక్కడ ఉన్నాయి. అన్నిటికంటే ముందు తెలియాల్సింది, పన్ను రావడం జబ్బు కాదు. దానివల్ల బిడ్డ ప్రాణానికి ముప్పు రాదు. ముప్పు వచ్చేది రెండు వైపుల నుంచి. నొప్పి తగ్గాలని మనం నోట్లో రాసేవి ఒకటి. "పళ్ళొస్తున్నాయిలే" అనుకుని వదిలేసే జ్వరం, విరేచనాలు రెండోది.

పన్ను ఎప్పుడొస్తుంది

మామూలుగా 6 నెలల ప్రాంతంలో కింది చిగురు మధ్యలో మొదటి పన్ను తెల్లగా కనబడుతుంది. కొందరికి 4 నెలలకే వస్తుంది, కొందరికి ఏడాది నిండినా రాదు. రెండూ మామూలే. పైన మధ్య పళ్ళు 8 నుంచి 12 నెలల మధ్య, వాటి పక్కవి ఏడాదికి అటూ ఇటూ, మొదటి దవడ పళ్ళు 13 నుంచి 19 నెలల మధ్య, కోరపళ్ళు 16 నుంచి 23 నెలల మధ్య వస్తాయి. చివరి దవడ పళ్ళు రెండేళ్ళు దాటాకే. మూడేళ్ళు వచ్చేసరికి మొత్తం 20 పాలపళ్ళు ఉంటాయి.

ఈ వరస అందరిలో ఒకేలా ఉండదు. పై పళ్ళు ముందొస్తే మేనమామకి కీడు అని మన పల్లెల్లో ఒక మాట ఉంది. మతంతో సంబంధం లేకుండా అన్ని ఇళ్ళలోనూ వినబడుతుంది. పై పన్ను ముందు రావడం కొంచెం అరుదే గానీ అందులో కీడేమీ లేదు. మామూకి దిగులు అక్కర్లేదు. పుట్టుకతోనే పన్నుతో పుట్టే పిల్లలూ ఉంటారు, రెండు మూడు వేల కాన్పుల్లో ఒకరు. ఆ పన్ను కదులుతున్నా, పాలు తాగడానికి అడ్డొస్తున్నా డాక్టరుకి చూపించాలి. ఇంట్లో దారం కట్టి లాగకూడదు.

చొంగ సంగతి వేరు. మూడు నాలుగు నెలలకే బిడ్డ చొంగ కార్చడం, పిడికిలి నోట్లో కుక్కుకోవడం మొదలవుతుంది. అప్పటికి లాలాజలం ఎక్కువ ఊరడం మొదలవుతుంది, మింగడం ఇంకా సరిగ్గా రాదు. అది చూసి పళ్ళొస్తున్నాయని అనుకుంటారు. పన్ను ఇంకో రెండు మూడు నెలల తర్వాత గానీ రాదు. ఈ మధ్యలో వచ్చిన ప్రతి జలుబూ, ప్రతి జ్వరమూ పన్ను ఖాతాలో పడిపోతుంది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 125 మంది పిల్లల్ని రోజూ గమనించి 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. పన్ను వల్ల ఇబ్బంది ఉండేది సుమారు 8 రోజులు, అంటే పన్ను బయటపడే ముందు 4 రోజులు, పడిన రోజు, ఆ తర్వాత 3 రోజులు అని తేలింది. ఆ రోజుల్లో కొరకడం, చొంగ, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, చెవి లాక్కోవడం, గట్టి ఆహారం తగ్గించడం కనిపించాయి. దగ్గు, వాంతులు, నీళ్ళ విరేచనాలు, గట్టి జ్వరం పన్నుతో ముడిపడి కనిపించలేదు. 2016లో బ్రెజిల్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్ని కలిపి చూసినా ఇదే తేలింది. ఒళ్ళు కొద్దిగా వెచ్చబడొచ్చు, జ్వరం అనేంత రాదు. కాబట్టి బిడ్డ నెల రోజులుగా నలతగా ఉంటే కారణం ఇంకేదో ఉన్నట్టే.

ఈ రాత్రికి ఇంట్లో చేయగలిగినవి

సబ్బుతో చేతులు బాగా కడుక్కుని, గోరు కత్తిరించిన చూపుడు వేలితో చిగురుని మెల్లగా ఒకటి రెండు నిమిషాలు రుద్దాలి. ఆ ఒత్తిడికి నొప్పి తగ్గుతుంది. ఏ మందూ అక్కర్లేదు. బిడ్డ వేలు కొరికితే కొరకనివ్వాలి.

శుభ్రమైన నూలు గుడ్డని కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపి, పిండి, మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో అరగంట ఉంచాలి. దాని కొస మడిచి బిడ్డకి నమలడానికి ఇవ్వాలి, రెండో కొస పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. పాత దుపట్టా ముక్క ఉతికి ఉడకబెట్టినా సరిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే కొత్త కుండలోని చల్లటి నీళ్ళు, అవీ కాచినవే, చాలు. ఐసు గడ్డ మాత్రం నేరుగా పెట్టకూడదు. గడ్డకట్టిన వస్తువు లేత చిగురుని కాల్చినట్టే గాయం చేస్తుంది. కొనే టీథర్‌కీ అదే వర్తిస్తుంది, డీప్ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. లోపల నీళ్ళో జెల్లో నింపినది చిల్లుపడితే అది బిడ్డ నోట్లోకి పోతుంది. ఏమీ నింపని, ఒకే ముక్కగా ఉన్న రబ్బరు రకం మేలు. బిడ్డ కొరికే బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు చూడాలి. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి అది తప్పనిసరి. జాతరలో, ఉర్సులో తోపుడు బండి మీద అమ్మే రంగు బొమ్మలకి చాలాసార్లు ఆ గుర్తు ఉండదు.

6 నెలలు దాటిన బిడ్డకి చల్లటి మెత్తని తిండి హాయిగా ఉంటుంది. చక్కెరకేళి అరటిపండు మెదిపి పెట్టొచ్చు. ఇంట్లో తోడుపెట్టిన పుల్లటిది కాని పెరుగు, చల్లారిన రాగి జావ కూడా మంచివే. పంచదార వద్దు. ఒకటి రెండు రోజులు గట్టి ఆహారం తగ్గించినా కంగారు అక్కర్లేదు, పాలు తాగుతుంటే చాలు.

తల్లి దగ్గరుంటే చనుబాలే పెద్ద ఊరట. పన్ను వచ్చింది, కొరుకుతోంది అని పాలు మాన్పించేస్తారు కొందరు. బిడ్డ కొరికేది పాలు తాగడం అయిపోయాక, ఆడుకునేటప్పుడు. అప్పుడు గట్టిగా అరవకుండా, బిడ్డ నోటి మూలలోకి చిటికెన వేలు పోనిచ్చి రొమ్ము విడిపించి, కాసేపు పక్కన పెడితే రెండు మూడు రోజుల్లో అర్థం చేసుకుంటుంది. పాలు తాగించడానికి ఖురాన్‌లో బఖరా సూరా చెప్పిన గడువు పూర్తి రెండేళ్ళు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వొచ్చనే అంటుంది.

చొంగతో గడ్డం, మెడ ఎర్రగా కందితే రుద్దకుండా మెత్తగా అద్ది తుడిచి, పల్చగా కొబ్బరినూనె రాయాలి. కోనసీమలో దానికి వెతుక్కోనక్కర్లేదు. మెడలోని తడి గుడ్డ ఎప్పటికప్పుడు మార్చాలి, నిద్రపోయేటప్పుడు తీసేయాలి.

ఇవన్నీ చేసినా బిడ్డ ఏడుపు ఆపకపోతే పారాసిటమాల్ ఇవ్వొచ్చు, డాక్టరు బరువు చూసి రాసిన మోతాదులో. లెక్క కిలో బరువుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలైనా, వీలైతే 6 గంటలు ఎడం ఉండాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. డ్రాప్స్ సీసాలో 1 మి.లీ.కి 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్ సీసాలో 5 మి.లీ.కి 125 ఉంటుంది, ఇంకో రకంలో 250. అంటే డ్రాప్స్ మందు మామూలు సిరప్ కంటే నాలుగు రెట్లు చిక్కన. సిరప్‌కి చెప్పిన "4 మి.లీ." డ్రాప్స్ సీసాలోంచి పోస్తే బిడ్డకి నాలుగు రెట్లు మందు పడుతుంది, కాలేయం దెబ్బతింటుంది. సీసా మీద మోతాదు పెద్ద అక్షరాలతో రాసి అంటించుకోవడం, ఆ సీసాతో వచ్చిన కొలత పిల్లర్‌నే వాడటం మంచిది. టీ చెంచా కొలత కాదు.

ఆస్పిరిన్ పిల్లలకి అసలు ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ని 12 ఏళ్ళలోపు పిల్లలకి వాడకుండా కేంద్రం 2011లోనే నిషేధించింది. పెద్దవాళ్ళ మాత్ర విరిచి ముక్క ఇవ్వడం ఇంకా ప్రమాదం.

సుహాగా-షహద్

మన ఇళ్ళలో ఎక్కువగా వాడేదీ, ఎక్కువగా సమర్థించుకునేదీ ఇదే. సుహాగా అంటే వెలిగారం. కంసాలి బంగారం అతకడానికి వాడే వస్తువు. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ దీని చుట్టమే. పన్సారీ కొట్లో కొని, పెనం మీద వేయిస్తే పేలాల్లా పొంగుతుంది. దాన్ని నూరి తేనెలో కలిపి బిడ్డ చిగురుకి రాస్తారు. వేయిస్తే దాని చెడు పోతుందని నమ్మకం. పోయేది అందులోని నీరు మాత్రమే, బోరాన్ అంతా అలాగే ఉంటుంది.

అది బిడ్డ ఒంట్లో ఏం చేస్తుందో చెప్పే పాత ఉదాహరణ ఒకటుంది. బ్రిటన్‌లో కూడా వెలిగారం, తేనె కలిపిన మందు షాపుల్లో అమ్మేవారు. పాలపీకని అందులో ముంచి పిల్లల నోట్లో పెట్టేవారు. అలా 4 నుంచి 10 వారాలు వాడిన ఏడుగురు పసిపిల్లలకి ఫిట్స్ వచ్చాయని అక్కడి పిల్లల వైద్య పత్రికలో 1983లో వచ్చింది. మందు ఆపేశాక ఫిట్స్ మళ్ళీ రాలేదు. ఆ తల్లిదండ్రులు కూడా మన దాదీల్లాగే బిడ్డ హాయిగా నిద్రపోవాలనే వాడారు.

"మా అందరికీ ఇదే రాశారు, మాకేమైంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. కొందరికి చిటికెడు ఒక్కసారి రాసి ఉంటారు, అది ఒంట్లోంచి పోయి ఉంటుంది. ఇంకొకరికి రోజుకి నాలుగుసార్లు, నెల రోజులు. చిటికెకి కొలత లేదు, 6 కిలోల బిడ్డకి హద్దు చాలా తక్కువ. ఫిట్స్ వచ్చిన బిడ్డని చూసి "గాలి సోకింది" అన్నారేమో, వెలిగారం మీద అనుమానం ఎవరికీ వచ్చి ఉండదు.

ఇక తేనె. ఏడాది నిండని బిడ్డకి తేనె చుక్క కూడా పెట్టకూడదు, ఎంత శుద్ధమైనదైనా, అడవి తేనైనా, కాచినదైనా. తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పెద్దవాళ్ళ పేగుల్లో నిలవలేవు, పసిబిడ్డ పేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. దాన్నే బొటులిజం అంటారు. మొదట మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నబడటం, పాలు చప్పరించలేకపోవడం, మెడ వాలిపోవడం, చివరికి ఊపిరి కండరాలు పనిచేయకపోవడం. తేనెలో ఎంతో స్వస్థత ఉందన్న మాట నిజమే, అది ఏడాది నిండినవాళ్ళకి. తహనీక్‌లో వాడేది ఖర్జూరం. అందులోకి తేనె తేవాల్సిన అవసరం లేదు.

వస, జెల్, పొడి, మాత్రలు

వస పోస్తే మాటలు బాగా వస్తాయని మన తెలుగువాళ్ళందరి నమ్మకం. బాగా మాట్లాడేవాణ్ణి చూసి "చిన్నప్పుడు వస పోశారా" అని అడుగుతాం కూడా. పళ్ళొచ్చేటప్పుడు కడుపునొప్పికీ, చొంగకీ అదే నాకిస్తారు. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంటుంది. దానివల్లే అమెరికా 1968లో వసని ఆహారంలో నిషేధించింది. వస నాకించిన పసిపిల్లలు ఆగని వాంతులతో ఆసుపత్రికి రావడం దక్షిణాదిలో డాక్టర్లు చూస్తూనే ఉన్నారు.

షాపులో ఇచ్చే జెల్స్ ఇంకా తెలివిగా కనబడతాయి, ముద్రించిన డబ్బాలో వస్తాయి కదా. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో మూడు పేర్లు వెతకాలి. బెంజోకేన్ ఉంటే అది రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీసి, పెదాలూ గోళ్ళూ నీలంగా మారే స్థితి తేగలదు. రెండేళ్ళలోపు పిల్లలకి అలాంటివి అమ్మడం ఆపమని అమెరికా ఎఫ్‌డీఏ 2018 మేలో కంపెనీలకి చెప్పింది. లిగ్నోకేన్, అంటే లిడోకేన్ ఉంటే మింగినప్పుడు ఫిట్స్, గుండె సమస్యలు రావొచ్చు. పసిపిల్లల చావులు సహా 22 ఘటనలు పరిశీలించి ఎఫ్‌డీఏ 2014 జూన్‌లో గట్టి హెచ్చరిక ఇచ్చింది. మూడోది చోలిన్ సాలిసిలేట్, ఆస్పిరిన్ కుటుంబంలోనిది. నోటి పుండ్లకి పెద్దవాళ్ళు వాడే జెల్స్‌లో ఉంటుంది. బ్రిటన్ 2009లో 16 ఏళ్ళలోపు పిల్లలకి దాన్ని వద్దంది. పైగా ఏ జెల్ రాసినా చొంగతో పాటు నిమిషాల్లో గొంతులోకి పోతుంది. చిగురు మీద నిలవదు. లాభం కొన్ని నిమిషాలు, నష్టం లెక్కకి అందనిది.

లవంగనూనె సంగతి కూడా అంతే. దూదితో పెద్దవాళ్ళ పంటికి పెట్టేది బిడ్డకి పనికిరాదు. నోరు మండుతుంది, కడుపులోకి ఎక్కువ పోతే కాలేయం పాడవుతుంది.

తియ్యటి చిన్న మాత్రలు చాలా ఇళ్ళలో ఉంటాయి. హోమియో పంటి మాత్రలు నొప్పి తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. అమెరికాలో అమ్మిన కొన్ని రకాల్లో బెల్లడోనా అనే విష మొక్క సారం డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువగా, ఒక్కో మాత్రలో ఒక్కోలా ఉందని ఎఫ్‌డీఏ 2017 జనవరిలో తేల్చింది. ఆ మాత్రలు తర్వాత మార్కెట్ నుంచి వెనక్కి పోయాయి.

పేరు మీద "పళ్ళ మందు" అని ఉన్నంత మాత్రాన నమ్మలేమని చరిత్ర చాలాసార్లు చూపించింది. నైజీరియాలో 2008 చివర్లో "మై పికిన్" అనే పళ్ళ సిరప్‌లో డైఈథైలిన్ గ్లైకాల్ కలిసి 84 మంది పిల్లలు చనిపోయారు. అంతకు ముందు బ్రిటన్‌లో పాదరసం ఉన్న పంటి పొడులు దశాబ్దాలపాటు అమ్మారు. పిల్లల చేతులూ కాళ్ళూ ఎర్రబడి, తోలు ఊడి, నిద్ర లేక అల్లాడే "పింక్ డిసీజ్" ఎందుకొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. 1954లో కంపెనీలు ఆ పొడుల్లోంచి పాదరసం తీసేశాక ఆ జబ్బు దాదాపు కనబడకుండా పోయింది.

సుర్మా పంటి మందు కాదు గానీ ఇక్కడే చెప్పాలి. పళ్ళొచ్చే బిడ్డ రోజంతా కళ్ళు నలుపుకుంటుంది, అదే చేయి నోట్లో పెట్టుకుంటుంది. అసలైన రాతి సుర్మాలో ఉండేది సీసం. సీసం కొంచెమైనా పసి మెదడుకి చెరుపే. దిష్టి కోసమే అయితే అరికాలికో, చెవి వెనకో ఇంట్లో చేసిన మసి చుక్క చాలు.

మెడలో దారం

పళ్ళకోసమని మెడలో వేసే పూసల దండలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, గల్ఫ్ నుంచి పంపేవాళ్ళూ ఉన్నారు. 18 నెలల బిడ్డ పగటి నిద్రలో అలాంటి దండ మెడకి బిగుసుకుని చనిపోయిన ఘటనని చెబుతూ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో వాటిని వాడొద్దంది. తెగితే పూస గొంతుకి అడ్డం పడుతుంది. తాయెత్తు కట్టాలా వద్దా అన్నది ఎవరింటి నమ్మకం వాళ్ళది. మెడలో నల్లదారం మాత్రం నిద్రపుచ్చేముందు తీసి గోడకి తగిలించడం అందరూ చేయగలిగిన పని.

"పళ్ళే కదా" అనకూడని సమయాలు

1840లలో లండన్ చావుల రిజిస్టర్లలో పసిపిల్లల చావుకి కారణం "పళ్ళు రావడం" అని రాసేవారు. చనిపోయింది విరేచనాలతో, నిమోనియాతో, ఫిట్స్‌తో. రెండూ ఒకే వయసులో రావడంతో పన్ను మీద నింద పడింది. ఆ కలయికకి కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి చేరిన రోగనిరోధక శక్తి 6 నెలలకి తరిగిపోతుంది. అదే సమయానికి బిడ్డ పాకడం మొదలెడుతుంది, దొరికిందల్లా నోట్లో పెడుతుంది. పైతిండి, పైనీళ్ళు మొదలయ్యేదీ అప్పుడే.

కోనసీమ ఇంటి వాకిలి ఒకసారి చూస్తే చాలు. కోళ్ళు, బాతులు, కొబ్బరి డొక్కలు, పక్కనే పంటకాలువ. వేసవిలో కాలువలు కట్టేశాక నిలవ నీళ్ళ చెరువులే దిక్కు. వరద నెలల్లో లంకల్లో బోరు చుట్టూ బురద చేరుతుంది. 2022 జులై వరదకి లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి నెలలో 8 నెలల బిడ్డకి నీళ్ళ విరేచనాలు పట్టుకుంటే కారణం చిగురులో లేదు, గిన్నెలోనో చేతుల్లోనో ఉంది.

విరేచనాలు మొదలైతే ఆలస్యం చేయకుండా ఓఆర్ఎస్ మొదలుపెట్టాలి. పాకెట్ మీద ఎంత నీళ్ళలో కలపమని ఉందో అంతే నీళ్ళలో మొత్తం పాకెట్ ఒకేసారి కలపాలి, సగం సగం కాదు. పెద్ద పాకెట్ ఒక లీటరుకి. ఒక్కో విరేచనం తర్వాత రెండేళ్ళలోపు బిడ్డకి 50 నుంచి 100 మి.లీ. చెంచాతో మెల్లగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ. తల్లిపాలు ఆపకూడదు. 6 నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు ఆగినా పూర్తి చేయాలి. 6 నెలలలోపు బిడ్డకి అందులో సగం. ఇవి ఆశా దగ్గర, ఏఎన్ఎం దగ్గర ఉచితంగా ఇస్తారు. వరదలకి ముందే నాలుగు పాకెట్లు ఇంట్లో పెట్టుకోవడం మంచిది.

పాకెట్ కొనేటప్పుడు "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా" అని ఉందో లేదో చూడాలి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పళ్ళరసాలు చాలాకాలం నడిచాయి. పంచదార ఎక్కువైన ఆ డ్రింకులు విరేచనాల్ని ఇంకా పెంచుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. కొబ్బరిబొండం నీళ్ళు 6 నెలలు దాటిన బిడ్డకి తోడుగా ఇవ్వొచ్చు, కానీ అందులో ఉప్పు తక్కువ. ఓఆర్ఎస్‌కి బదులు కాదు.

జ్వరం సంగతి. చేయి పెట్టి చూడటం కాకుండా డిజిటల్ థర్మామీటరు చంకలో పెట్టి చూడాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే అది పంటి వెచ్చదనం కాదు. 3 నెలలలోపు బిడ్డకైతే వెంటనే ఆసుపత్రికి, పెద్ద బిడ్డకి ఒక రోజులో తగ్గకపోతే డాక్టరుకి. చెవి లాక్కుంటూ జ్వరం ఉంటే చెవిలో చీము ఉండొచ్చు.

రాత్రైనా సరే బయల్దేరాల్సినవి: బిడ్డ మత్తుగా ఉండి లేవకపోవడం, పాలు అసలు పట్టకపోవడం, 6 గంటలుగా ఉచ్చ పోయకపోవడం, మాడు గుంటపడటం, కళ్ళు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం, విరేచనంలో రక్తం, ఫిట్స్, ఊపిరి ఆడేటప్పుడు డొక్కలు ఎగరేయడం, పెదాలు నీలంగా మారడం. 108కి ఫోన్ చేయాలి. అమలాపురం చుట్టుపక్కలవాళ్ళకి ఏరియా ఆసుపత్రి, కిమ్స్ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే ఎదుర్లంక-యానాం వంతెన మీదుగా కాకినాడ జీజీహెచ్. రాజోలు వైపు వాళ్ళకి చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు దగ్గర. కొత్తపేట వాళ్ళకి రావులపాలెం మీదుగా రాజమండ్రి. బిడ్డకి ఏం రాశారో, ఏం నాకించారో డాక్టరు అడక్కముందే చెప్పాలి. తిడతారని దాచిన సుహాగా, వస సంగతి తెలిస్తే వైద్యం వేరే దారిలో నడుస్తుంది.

గొంతుకి అడ్డం పడితే

కొరకడానికని చేతికిచ్చే గట్టి ముక్కలతోనే ఈ ప్రమాదం. పచ్చి క్యారెట్, ముదురు కొబ్బరి ముక్క, గింజ తీయని ఖర్జూరం, రస్కు, జారిపోయే తాటిముంజ, అన్నీ. ముందు పళ్ళు వచ్చిన బిడ్డ ముక్క కొరకగలదు, దవడ పళ్ళు లేవు కాబట్టి నమలలేదు. మొదటి పన్ను వచ్చిందని కొన్ని ఉర్దూ ఇళ్ళలో ఘుంగ్నీ చేసి పంచుతారు. ఆ ఉడికిన శనగలు వచ్చిన చుట్టాలకే పెట్టాలి, బిడ్డకి కాదు.

ఏడాదిలోపు బిడ్డకి ఊపిరి ఆడకపోతే ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా తట్టాలి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ముల గీతకి కొంచెం కింద రెండు వేళ్ళతో 5 సార్లు నొక్కాలి. వస్తువు బయటికొచ్చేదాకా ఇలా మార్చి మార్చి చేయాలి. ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే ఫోన్‌లో వాళ్ళు చెప్పినట్టు సీపీఆర్ మొదలుపెట్టాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలుపెట్టి కెలకకూడదు, ఇంకా లోపలికి పోతుంది.

పన్ను వచ్చాక

చిగురు మీద నీలం బుడగలా లేచిందని కొందరు భయపడతారు. పన్ను పైకొచ్చేచోట రక్తం చేరడం అది, దానంతటదే పోతుంది. సూదితో పొడవకూడదు, గోరుతో గీకకూడదు.

మొదటి పన్ను కనబడిన రోజు నుంచే తోమాలి. మెత్తటి బ్రష్ మీద బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టు, రోజుకి రెండుసార్లు. పంచదార పాల సీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే అలవాటు ఉంటే రెండేళ్ళకే ముందు పళ్ళు నల్లబడి అరిగిపోతాయి. తల్లి విదేశంలో ఉండి సీసా పాల మీదే పెరిగే పిల్లల్లో ఇది చూసుకోవాలి. మొదటి పుట్టినరోజులోపు ఒకసారి డెంటిస్టుకి చూపించడం మంచిది.

పన్ను ఆలస్యమైతే కాల్షియం సిరప్ పట్టేస్తుంటారు. చాలామందికి అది ఇంటి వరసే. అమ్మకో నాన్నకో కూడా ఆలస్యంగానే వచ్చి ఉంటాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకీ ఆలస్యమవుతుంది. కాల్షియం కంటే ముందు అడగాల్సింది విటమిన్ డి గురించి. పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజుకి 400 యూనిట్ల డ్రాప్స్ ఇవ్వాలని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ చెబుతుంది, చాలా ఇళ్ళలో రెండో నెలకే ఆపేస్తారు. ఏడాదిన్నర దాటినా ఒక్క పన్నూ రాకపోతే, ఎదుగుదల కూడా మందంగా ఉంటే థైరాయిడ్ పరీక్షకి రాయమని డాక్టర్ని అడగాలి.